కర్రీ పాయింట్‌కి గిరాకీ పెరగాలంటే: యాడ్ వేసే ముందు ఏం చేయాలి, ఎలా చేయాలి

"అన్నా, షాపు పెట్టి మూడు నెలలైంది. తిన్నవాళ్లంతా బాగుందనే అంటున్నారు. కానీ రాత్రి షట్టర్ దించే టైమ్‌కి సగం సాంబారు మిగిలిపోతోంది. ఇన్‌స్టాగ్రామ్‌లో యాడ్ వేయమంటారా?"

వారానికి ఇద్దరు ముగ్గురైనా నన్ను ఇదే అడుగుతారు. హైదరాబాద్‌లోనే మియాపూర్ నుంచి ఒకరు, ఉప్పల్ నుంచి ఒకరు, అత్తాపూర్ నుంచి ఇంకొకరు. ఊరు ఒకటే, ప్రశ్న ఒకటే, నేను చెప్పేదీ ఒకటే: ఇప్పుడే వద్దు. ముందు చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. వాటికి పెద్దగా ఖర్చు లేదు గానీ ఓపిక కావాలి. ఫోన్లో పది నిమిషాల్లో చెప్పలేక వరుసగా రాస్తున్నాను.

కేపీహెచ్‌బీ వెనక గల్లీలో నాది చిన్న కర్రీ పాయింట్, తొమ్మిదేళ్ల నుంచి నడుస్తోంది. అందుకే ఉదాహరణలన్నీ కూరల కొట్టువే ఇస్తాను. మీది టిఫిన్ సెంటర్ అయినా, బ్లౌజులు కుట్టే షాపైనా, పచ్చళ్ల వ్యాపారమైనా ఇవే పనులు. కూరల చోట మీ సరుకు పెట్టుకోండి.

ముందుగా ఏమేం కావాలి

- 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి, దారంతో కట్టిన పెన్ను ఒకటి. కట్టకపోతే రెండో రోజుకి పెన్ను ఉండదు.
- షాపు కోసం విడిగా ఒక సిమ్, అందులో వాట్సాప్ బిజినెస్ యాప్. ఇది ఉచితం.
- గూగుల్ అకౌంట్. మీ పేరు మీదే ఉండాలి, బోర్డు రాసిన కుర్రాడి పేరు మీద కాదు.
- షాపు పేరుతో మర్చంట్ క్యూఆర్ (యూపీఐలో డబ్బులు నేరుగా షాపు లెక్కలో పడే స్కాన్ కోడ్). సొంత నంబర్ మీద డబ్బులు తీసుకుంటే ఇంటి లెక్క, కొట్టు లెక్క కలిసిపోతాయి.
- ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్, మున్సిపల్ ట్రేడ్ లైసెన్స్. మార్కెటింగ్‌కీ వీటికీ ఏం సంబంధం అనుకోకండి. డెలివరీ యాప్ వాళ్లు ముందు అడిగేది ఆ 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరే. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లు కూడా స్టాల్ పెట్టుకోనివ్వడానికి అదే అడుగుతారు.
- 5,000 నుంచి 8,000 రూపాయలు, 90 రోజులు.
- రోజూ మధ్యాహ్నం 3 నుంచి 4 వరకు ఒక గంట. గిరాకీ ఉండని గంట కాబట్టి దాన్ని దీనికి వాడుకోండి.

1. మూడు వారాలు లెక్క రాయండి

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. పదిమందికి చెబితే ఇద్దరు కూడా చేయరు. దయచేసి మీరు చేయండి.

నోట్‌బుక్‌లో నాలుగు గడులు గీయండి: టైమ్, మనిషి, ఏం కొన్నారు, ఎక్కడి నుంచి వచ్చారు. కొత్త మనిషైతే పక్కన సున్నా చుట్టండి. రెండోసారి వస్తే సున్నాలో చుక్క పెట్టండి. పేర్లు తెలియకపోయినా ఫర్వాలేదు, మీకు గుర్తుండేలా రాసుకోండి. నా పుస్తకంలో "204 అంకుల్", "ఎర్ర స్కూటీ మేడమ్", "హెల్మెట్ తీయని అబ్బాయి" అనే ఉండేవి. యూపీఐలో కట్టినవాళ్ల పేర్లు మర్చంట్ యాప్‌లో ఉంటాయి, రాత్రి చూసి సరిపోల్చుకోండి. ఈ పుస్తకం కౌంటర్ మీద తెరిచి పెట్టకండి, ఎవరికీ చూపించకండి. మన దగ్గర కొనేవాళ్ల వివరాలు మన దగ్గరే ఉండాలి.

ఎక్కడి నుంచి వచ్చారో తెలుసుకోవడానికి ఫారం నింపించినట్టు అడగకూడదు. పార్శిల్ కడుతూ "ఇక్కడే దగ్గరలోనా అమ్మా?" అంటే చాలు, వాళ్లే చెబుతారు.

మూడు వారాలయ్యాక ఒకే ఒక్క లెక్క తీయండి. మొదటి వారంలో వచ్చిన కొత్తవాళ్లలో ఎంతమంది తర్వాతి రెండు వారాల్లో మళ్లీ వచ్చారు? 60 మంది కొత్తవాళ్లలో 30 మంది తిరిగొస్తే మీ సరుకు బాగున్నట్టు. ఇంకా నలుగురికి తెలియాలి, అంతే. 60 మందిలో 12 మందే తిరిగొస్తే లోపం షాపులోనే ఉంది. అలాంటప్పుడు యాడ్ వేస్తే, నచ్చకుండా వెళ్లిపోయేవాళ్లను డబ్బులిచ్చి మరీ పిలిచినట్టు అవుతుంది. నేను పెట్టుకున్న గీత ఇదీ: ముగ్గురిలో ఒక్కరు కూడా తిరిగి రాకపోతే ప్రచారం మీద రూపాయి పెట్టను.

లోపం రుచిలోనే ఉంటుందని అనుకోకండి. మొదటి ఏడాది నా లెక్క పదికి ముగ్గురు దగ్గర ఆగిపోయింది. ఎదురు అపార్ట్‌మెంట్‌లో ఉండే ఒక పెద్దాయన రోజూ వచ్చేవారు, ఉన్నట్టుండి మానేశారు. ఒకరోజు పొద్దున పాల బూత్ దగ్గర కనిపిస్తే, "ఏం సార్, రావట్లేదు? కూరలో ఏమైనా తేడా వచ్చిందా?" అని అడిగాను. ఆయన మొహమాటపడుతూనే చెప్పారు. "కూరకేం బాబూ, బాగానే ఉంటుంది. ఆ కవరు ముడే విప్పలేకపోతున్నాం. మా ఆవిడకి చేతులు వణుకుతాయి. కత్తెరతో కోస్తే సాంబారంతా గట్టు మీద పోతోంది."

కారకూడదని నేను రబ్బరు బ్యాండు నాలుగు చుట్లు బిగించి తిప్పేవాణ్ణి. అది మంచి పని అనుకున్నాను. ఆ రోజు ఇంటికెళ్లి నా కవరు నేనే విప్పి చూశాను. రెండు గోళ్లు నొప్పెట్టాయి. మర్నాటి నుంచి పులుసు, సాంబారు మూత డబ్బాల్లో ఇవ్వడం మొదలుపెట్టాను. ఇంటి నుంచి స్టీలు గిన్నె తెచ్చుకున్నవాళ్లకు ఒక గరిటె కొసరు వేశాను. డబ్బా ఖర్చు పెరిగింది గానీ, ఆ పెద్దాయనా వచ్చారు, ఆ అపార్ట్‌మెంట్‌లోనే ఇంకో ఐదారు ఇళ్ల వాళ్లూ రావడం మొదలుపెట్టారు. 120 మైక్రాన్ల కంటే పలచని ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు 2022 డిసెంబర్ 31 నుంచి ఎలాగూ నిషేధం. గిన్నె తెచ్చుకునే అలవాటు చేస్తే మీకే మంచిది.

అందుకే మానేసినవాళ్లలో కనీసం ఐదుగురిని వెతికి అడగండి. "ఎలా ఉంది?" అంటే అందరూ "బాగుంది" అనే అంటారు. "ఒక్కటి మార్చమంటే ఏం మార్చమంటారు?" అని అడిగితే అసలు సంగతి బయటికొస్తుంది.

2. మీ ఏరియా ఎంతవరకో నడిచి చూడండి

షాపు నుంచి నాలుగు వైపులా పది నిమిషాల చొప్పున నడవండి. బండి మీద వద్దు. ఎన్ని ఇళ్లు, ఎన్ని హాస్టళ్లు, ఎన్ని ఆఫీసులు ఉన్నాయో రాసుకోండి.

హైదరాబాద్‌లో ఒక సంగతి మర్చిపోకండి: మెయిన్ రోడ్డు దాటితే అది వేరే ఊరే. మ్యాప్‌లో 200 మీటర్లే కనిపిస్తుంది. కానీ మధ్యలో మెట్రో లైను, డివైడరు, యూటర్న్ కోసం అర కిలోమీటరు. యాభై రూపాయల పప్పు కోసం అంత దూరం ఎవరూ తిరిగి రారు. కాబట్టి రోడ్డుకి అవతలి వైపు మీ లెక్కలోకి రాదు. నేను మొదట్లో అవతలి కాలనీలో కూడా పాంప్లెట్లు పంచాను, ఒక్కరూ రాలేదు.

తర్వాత ఎవరి కోసం వండుతున్నారో తేల్చుకోండి. ఆఫీసు వాళ్లు 12:30 నుంచి 2 లోపు వస్తారు, గబగబా ఇచ్చేయాలి. ఇళ్లవాళ్లు రాత్రి 7 నుంచి 9 మధ్య వస్తారు, వాళ్లకు నూనె తక్కువ ఉండాలి, పిల్లలు తినేలా కారం ఉండాలి. హాస్టల్ పిల్లలకు క్వాంటిటీ ముఖ్యం. మా దగ్గరి హాస్టళ్లలో ఆదివారం రాత్రి వంట ఉండదు. అది తెలిసిన రోజు నుంచి ఆదివారం సాయంత్రం అన్నం రెట్టింపు వండుతున్నాను. ముగ్గురికీ ఒకేలా నచ్చేలా వండటం కుదరదు. మొదటి 90 రోజులు ఒక్కరిని ఎంచుకోండి.

3. బోర్డు సరిచేయండి

బోర్డు మీద దేవుడి బొమ్మ, ఓనర్ ఫొటో, ఆరు ఫోన్ నంబర్లు ఉంటాయి, ఏం అమ్ముతారో మాత్రం చిన్న అక్షరాల్లో ఉంటుంది. దీన్ని తిరగేయండి. "కూరలు, పప్పు, పులుసు" అని పెద్దగా తెలుగులో రాయించండి. కింద టైమింగ్స్ ఉండాలి. పక్కన నల్లబోర్డు వేలాడదీసి ఆ రోజు కూరలు, రేట్లు సుద్దముక్కతో రాయండి. మధ్యాహ్నానిది 11 లోపు, రాత్రిది 6 లోపు మార్చాలి. రేటు కనపడకపోతే చాలామంది అడగడానికి మొహమాటపడి ముందుకెళ్లిపోతారు.

చెక్ చేయడం తేలిక. మీ షాపు ఎప్పుడూ చూడని ఒక మనిషిని బైక్ మీద మీ ముందు నుంచి ఒకసారి వెళ్లమనండి, రాత్రి ఏడింటికి. తిరిగొచ్చాక ఏం చదివారో అడగండి. ఏం అమ్ముతారో చెప్పలేకపోతే బోర్డు మార్చాలి, లేదా లైటు మార్చాలి.

మెట్రో లైనుకో, పీవీ ఎక్స్‌ప్రెస్ వేకో దగ్గర్లో ఉంటే పిల్లర్ నంబర్ తప్పకుండా వాడుకోండి. మన ఊళ్లో అంతకంటే మంచి అడ్రస్ లేదు. "పిల్లర్ నంబర్ ఫలానా ఎదురుగల్లీ" అంటే ఆటో అతనికీ, డెలివరీ బాయ్‌కీ ఇట్టే తెలుస్తుంది. అలాగని ఆ పిల్లర్ల మీద పోస్టర్లు అంటించకండి. మెట్రో పిల్లర్ మీద అంటిస్తే చట్టప్రకారం నేరం. పైగా పోస్టర్ మీద మీ నంబరే ఉంటుంది కాబట్టి దొరికిపోయేది మీరే.

4. గూగుల్ మ్యాప్స్‌లో షాపు పెట్టండి

గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ అని వెతికి మీ అకౌంట్‌తో మొదలుపెట్టండి. ఇది పూర్తిగా ఉచితం. "గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, లిస్టింగ్‌కి 3,000 కట్టండి" అని ఫోన్ వస్తే పెట్టేయండి.

బోర్డు మీద ఏ పేరుందో అదే రాయండి. పేరు చివర "బెస్ట్ కర్రీ పాయింట్ ఇన్ కూకట్‌పల్లి" లాంటివి తగిలిస్తే ప్రొఫైల్ సస్పెండ్ అయ్యే ప్రమాదం ఉంది. పిన్ సరిగ్గా మీ షట్టర్ మీదే పెట్టండి, పక్క గల్లీలో పడితే మనిషి వెతుక్కుని విసిగి వెళ్లిపోతాడు. వెరిఫికేషన్‌కి చాలాసార్లు వీడియో అడుగుతారు. గల్లీ నుంచి మొదలుపెట్టి, బోర్డు చూపించి, తాళం తీసి, లోపల పొయ్యి, కౌంటర్ వరకు కట్ చేయకుండా ఒకే వీడియో తీయండి.

ఫొటోలు పగటి వెలుతురులో మీ ఫోన్‌తోనే తీయండి. స్టీలు ట్రేలలో కూరలు, రేట్ల బోర్డు, శుభ్రంగా ఉన్న వంటగది. ఇంటర్నెట్‌లో దొరికిన ఫొటో పెడితే అది చూసి వచ్చినవాళ్లకు మీ కూర ఎంత బాగున్నా తక్కువగానే కనిపిస్తుంది.

రివ్యూలు మూడోసారి వచ్చినవాళ్లనే అడగండి. వాళ్లకు నచ్చబట్టే మూడోసారి వచ్చారు. కౌంటర్ మీద రివ్యూ క్యూఆర్ పెట్టి, "రెండు ముక్కలు రాస్తే మాకు సాయంగా ఉంటుంది" అంటే చాలు. రివ్యూ రాస్తే డిస్కౌంట్ ఇస్తామని మాత్రం చెప్పకండి, అది గూగుల్ నిబంధనలకు విరుద్ధం. చుట్టాలందరితో ఒకేరోజు ఐదు స్టార్లు వేయించుకోవద్దు. చదివేవాళ్లకు తెలిసిపోతుంది.

చెడ్డ రివ్యూ వస్తే ఆ రోజే జవాబివ్వండి. కోపం వస్తుంది, సహజం. పొద్దున నాలుగింటికి లేచి వండినదాన్ని ఎవరో ఒక్క ముక్కలో కొట్టిపారేస్తే బాధేస్తుంది. అయినా వాదన పెట్టుకోకండి. "వేపుడులో ఉప్పు ఎక్కువైందన్నారు, క్షమించండి. ఆ రోజు నుంచి రుచి చూశాకే కౌంటర్‌కి పంపుతున్నాం. ఈసారి వచ్చినప్పుడు నాతో చెప్పండి" అని రాయండి. ఆ జవాబు రివ్యూ రాసిన మనిషి కోసం కాదు, తర్వాత చదివే వందమంది కోసం.

వారానికి ఒకసారి ప్రొఫైల్‌లో ఎన్ని కాల్స్ వచ్చాయో, ఎంతమంది దారి చూశారో చూసి నోట్‌బుక్‌లో రాసుకోండి. సంక్రాంతికి మూసేస్తే ముందే టైమింగ్స్ మార్చండి. మ్యాప్ చూసి వచ్చి తాళం చూసినవాళ్లు మళ్లీ రారు.

5. వాట్సాప్‌ని గ్రూపులా వాడకండి

అందరూ చేసే తప్పు, దొరికిన నంబర్లన్నీ గ్రూపులో వేయడం. ఒకరు గుడ్ మార్నింగ్ పెడతారు, ఇంకొకరు రాజకీయం పెడతారు, సాయంత్రానికి మంచివాళ్లంతా ఎగ్జిట్. పైగా ఒకరి నంబర్ ఇంకొకరికి తెలిసిపోతుంది. ఆడవాళ్లకు అది ఇబ్బంది.

బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ వాడండి, ఒకే మెసేజ్ అందరికీ విడివిడిగా వెళ్తుంది. ఒక లిస్టులో 256 మంది వరకు పెట్టుకోవచ్చు. అయితే మీ నంబర్ వాళ్ల ఫోన్‌లో సేవ్ అయి ఉంటేనే మెసేజ్ వెళ్తుంది. "వందమందికి పంపాను, ఒక్కరూ చూడలేదు" అనేవాళ్లకు జరిగేది ఇదే. కాబట్టి కౌంటర్ దగ్గరే ఇలా అనండి: "మా నంబర్ సేవ్ చేసుకుని 'మెనూ' అని ఒక్క మెసేజ్ పెట్టండి, రోజూ ఏం వండామో పంపిస్తాను." వాళ్లే ముందు మెసేజ్ పెట్టారు కాబట్టి ఇష్టంగానే వచ్చినట్టు.

మెసేజ్ రోజుకి ఒకటి, 11 గంటలకు. ఇలా ఉంటే చాలు:

"ఈ రోజు: గోంగూర పప్పు, బెండకాయ వేపుడు, గుత్తివంకాయ, ముక్కల పులుసు, దోసకాయ పచ్చడి. 12 నుంచి 2:30. పక్కన పెట్టమంటే పేరు, కూర రాయండి."

"పక్కన పెట్టమంటే" అన్న మాట చాలా పని చేస్తుంది. గుత్తివంకాయ ఒంటిగంటకే అయిపోతుందని తెలిసినవాళ్లు పదకొండుంపావుకే చెప్పేస్తారు. ఎంత వండాలో మీకూ తెలుస్తుంది, రాత్రికి మిగలడం తగ్గుతుంది. యాప్‌లో లేబుల్స్ ఉంటాయి, పక్కన పెట్టమన్నవాళ్లకు ఒక లేబుల్ పెట్టుకోండి. చెప్పి రాకపోతే ఒకసారి వదిలేయండి. రెండోసారీ రాకపోతే ముందు డబ్బులు పంపమనండి.

నంబర్ల లిస్టు అమ్ముతామని ఎవరైనా వస్తే కొనకండి. తెలియనివాళ్లు బ్లాక్, రిపోర్ట్ కొడితే షాపు నంబరే బ్యాన్ అవుతుంది. వద్దన్నవాళ్లను ఆ క్షణమే తీసేయండి. పాస్ బుక్ చూసినట్టు వారానికోసారి చూసుకోండి, ఎంతమంది జవాబిచ్చారో. వంద మందిలో పదిమంది కూడా పలకకపోతే టైమ్ మార్చి చూడండి, లేదా కూరల వరుస మార్చి చూడండి.

6. డిస్కౌంట్ బదులు కొసరు

ఒక లెక్క వేద్దాం. కూర ప్యాకెట్ 50 రూపాయలు. సరుకు, గ్యాస్, డబ్బా కలిపి 35 అయితే మీకు మిగిలేది 15. ఇరవై శాతం తగ్గిస్తే 40కి ఇస్తారు, మిగిలేది 5. అంటే ఇదివరకు ఒక ప్యాకెట్ మీద వచ్చింది ఇప్పుడు మూడు ప్యాకెట్లు అమ్మితేగానీ రాదు. మూడు రెట్లు గిరాకీ వస్తుందా? వచ్చినా వండగలరా? పైగా 40కి అలవాటైన మనిషికి 50 అంటే రేటు పెంచినట్టే అనిపిస్తుంది.

అదే డబ్బా పక్కన ఒక చెంచా రోటి పచ్చడి కొసరు వేస్తే మీకయ్యేది రెండు మూడు రూపాయలు. కూరగాయల బండి దగ్గర రెండు పచ్చిమిరపకాయలు, కాస్త కరివేపాకు వేసిన మనిషి దగ్గరికే మనమూ మళ్లీ వెళ్తాం కదా. ఆ కొసరు ఏ రోజైనా మారుస్తూ ఉండండి, కానీ ఇవ్వడం మానకండి. మొదలుపెట్టి మానేస్తే ఇవ్వకపోవడం కంటే నష్టం.

సెట్ కట్టండి: ఇద్దరికి సరిపడా పప్పు, వేపుడు, పులుసు, అన్నం ఒకే రేటుకి. ఇళ్లకు వెళ్లే పార్శిళ్లు మా దగ్గర దీనితోనే పెరిగాయి. ఏం తీసుకోవాలో ఆలోచించే పని తప్పుతుంది వాళ్లకు.

ఉద్దెర విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. బాకీ పెరిగిన మనిషి డబ్బులు ఇవ్వలేక మొహం చాటేస్తాడు. డబ్బూ పోతుంది, గిరాకీ పోతుంది. దానికి బదులు ముందే 1,000 కట్టి తింటూ పోయే పద్ధతి పెట్టండి. బ్యాచిలర్లకు అది బాగా నచ్చుతుంది.

7. మీ గురించి చెప్పేవాళ్ల దగ్గరికి వెళ్లండి

కాలనీలోకి కొత్తగా దిగినవాళ్లు "ఇక్కడ కూరలు ఎక్కడ బాగుంటాయి?" అని ఎవరిని అడుగుతారు? వాచ్‌మన్‌ని, కిరాణా కొట్టాయన్ని, వాటర్ క్యాన్ వేసే కుర్రాణ్ణి, ఇస్త్రీ బండి ఆయన్ని. వీళ్లకు కమిషన్ ఇవ్వకండి, అలవాటైతే లెక్కలు, గొడవలు. ఒక పూట భోజనం పెట్టండి. తిన్న మనిషి తనంతట తానే చెబుతాడు.

గేటెడ్ కమ్యూనిటీలో స్టాల్ పెట్టాలంటే అసోసియేషన్‌కి ఎఫ్ఎస్ఎస్ఏఐ కాపీతో లెటర్ ఇవ్వండి. శని, ఆదివారాలు అడగండి. పన్నెండు రకాలు తీసుకెళ్లకండి. మీ చేతికి బాగా కుదిరే మూడు రకాలు చాలు. చిన్న దొన్నెల్లో రుచి చూపించండి. ఆ రోజు అమ్మకం కంటే ఎంతమంది నంబర్ సేవ్ చేసుకున్నారన్నదే చూడండి.

పాంప్లెట్ల సంగతి. ఒకసారి 2,000 కొట్టించి పేపర్లలో పెట్టించాను. తొమ్మిది మంది వచ్చారు. తర్వాత 300 మాత్రమే కొట్టించి, ఉన్న గిరాకీ పార్శిల్ కవర్లోనే ఒక్కోటి పెట్టి, "పక్కింటివాళ్లకు ఇవ్వండి" అన్నాను. అది చాలా నయం. మీరు పంచాలనుకుంటే ఒక్కో ఏరియాకి ఒక్కో రంగు కాగితం కొట్టించండి. పచ్చ కాగితం తెచ్చినవాళ్లు ఎందరు, పసుపు తెచ్చినవాళ్లు ఎందరు అని నోట్‌బుక్‌లో గీతలు పెడితే ఎక్కడ డబ్బు వృథా అయిందో తెలిసిపోతుంది.

8. ఈ ఊరి క్యాలెండర్ చూసి వండండి

సంక్రాంతికి నగరం ఖాళీ అవుతుంది, ఆ నాలుగు రోజులు వండినా వృథా. కానీ దానికి ముందు పది రోజులు సకినాలు, అరిసెలు, చేగోడీలకు ఆర్డర్లే ఆర్డర్లు. పదిహేను రోజుల ముందే మెసేజ్ పెట్టి, సగం అడ్వాన్స్ తీసుకుని, ఫలానా తేదీ తర్వాత ఆర్డర్లు తీసుకోమని ముందే చెప్పేయండి. ఆశపడి చివరి రోజు కూడా తీసుకుంటే మాట తప్పాల్సి వస్తుంది.

శ్రావణ, కార్తీక మాసాల్లో ఉల్లి, వెల్లుల్లి లేని రెండు కూరలు విడి గరిటెలతో, విడి గిన్నెల్లో పెట్టండి, ఆ సంగతి బోర్డు మీద రాయండి. ఆషాఢంలో బోనాల ఆదివారాల్లో మాంసం కూరలకు గిరాకీ. సాయంత్రం ఐదింటికి మబ్బు పట్టిందంటే వెంటనే వాట్సాప్ స్టేటస్ పెట్టండి, వాన మొదలైతే ఆఫీసు నుంచి ట్రాఫిక్‌లో చిక్కుకుని వచ్చినవాళ్లకు వండుకునే ఓపిక ఉండదు.

9. డెలివరీ యాప్‌లు

పెట్టుకోవచ్చు, లెక్క చూసుకున్నాకే. ఉదాహరణకి 100 రూపాయల ఆర్డర్‌లో కమిషన్, దాని మీద జీఎస్టీ కలిపి 28 పోయిందనుకోండి. ఆఫర్‌లో మీ వాటా 10, ప్యాకింగ్ 7. మీ చేతికి 55. వంట ఖర్చు 60 అయితే ప్రతి ఆర్డర్‌కీ 5 రూపాయలు చేతి నుంచి పెట్టినట్టు. మీ ఒప్పందంలో ఉన్న అంకెలతో ఇదే లెక్క వేసుకోండి. యాప్‌లో విడి కూరలు పెట్టకుండా పెద్ద సెట్లు మాత్రమే పెడితే కొంత గిట్టుతుంది.

10. ఇప్పుడు యాడ్

ముగ్గురిలో ఒకరైనా తిరిగొస్తున్నారని నోట్‌బుక్ చెబితే, అప్పుడు వేయండి. ఏరియా "హైదరాబాద్" అని పెట్టకండి. ఎల్బీ నగర్‌లో ఉన్న మనిషి మీ యాడ్ చూసి కూకట్‌పల్లికి రాడు. మ్యాప్ మీద షాపు చుట్టూ 2 కిలోమీటర్లే పెట్టండి. రోజుకి 200 చొప్పున ఏడు రోజులు. లైకుల కోసం కాకుండా వాట్సాప్ మెసేజ్ వచ్చేలా ఎంచుకోండి. వీడియో 15 సెకన్లు చాలు: పోపు చిటపటలాడే శబ్దం, ట్రేలో పడే కూర, రేట్ల బోర్డు, పిల్లర్ నంబర్. పాట అవసరం లేదు. ఏడు రోజుల తర్వాత, ఆ వీడియో చూసి వచ్చిన కొత్తవాళ్లు ఎందరు, ఒక్కొక్కరికి ఎంత ఖర్చైంది అని లెక్క తీయండి. ఒక్కొక్కరి మీద 100 దాటితే ఆపేసి ఏడో పని మళ్లీ చేయండి.

ఫుడ్ వ్లాగర్‌ని పిలవాలా అని కూడా అడుగుతారు. దిల్‌సుఖ్‌నగర్‌లో నాకు తెలిసిన ఒకాయన పిలిచారు. మూడు రోజులు రోడ్డు దాకా లైను. వండేది ఇద్దరే, పదకొండున్నరకే అన్నీ ఖాళీ. రోజూ వచ్చే ముసలివాళ్లు లైనులో నిలబడలేక పక్క కొట్టుకి వెళ్లారు. నాలుగో రోజుకి వీడియో చూసి వచ్చినవాళ్లు లేరు, పాతవాళ్లూ లేరు. పాతవాళ్లను ఒక్కొక్కరిని పిలిచి తెచ్చుకోవడానికి ఆయనకు ఆరు నెలలు పట్టింది. పిలవాలనుకుంటే ముందు రెండింతలు వండే మనుషుల్ని పెట్టుకోండి, రెగ్యులర్ గిరాకీకి విడిగా పక్కన పెట్టండి.

30, 60, 90 రోజులకు ఏం చూడాలి

నాలుగు అంకెలు ఒకే పేజీలో రాయండి: కొత్తవాళ్లు ఎందరు, వాళ్లలో తిరిగొచ్చినవాళ్లు ఎందరు, వాట్సాప్‌లో పక్కన పెట్టమన్నవాళ్లు ఎందరు, రాత్రికి ఎన్ని కిలోలు మిగిలింది. గల్లాపెట్టెలో డబ్బు ఒక్కటే చూస్తే మోసపోతారు, పండగ వారం అందరికీ పెరుగుతుంది.

తిరిగొచ్చేవాళ్లు పెరుగుతూ కొత్తవాళ్లు పెరగకపోతే 3, 4, 7 పనులు మళ్లీ చేయండి. కొత్తవాళ్లు వస్తూ తిరిగి రాకపోతే మొదటి పనికే వెళ్లి మరో ఐదుగురిని అడగండి. రెండూ పెరగకపోతే, ఇళ్లకు మధ్యాహ్నం వంట, ఆఫీసులకు రాత్రి వంట చేస్తున్నారేమో చూసుకోండి. అన్నీ సరిచేసినా 90 రోజుల్లో కదలిక లేకపోతే ఆ చోటు మీ సరుకుకి సరిపడదు. అద్దె అగ్రిమెంట్ రెన్యూ చేసే ముందు వేరే గల్లీ చూడండి. వంట అదే, మనిషి అదే, గల్లీ మారాక నిలదొక్కుకున్నవాళ్లు నాకు ఇద్దరు తెలుసు.

నోట్‌బుక్ నిండితే పారేయకండి. వచ్చే సంక్రాంతికి ఎన్ని కిలోల సకినాలకు పిండి పట్టించాలో అందులోనే ఉంటుంది.